మింగుడు పడని మనిషికి బరువు, కండ తగ్గకుండా చూసుకోవడం

పక్షవాతం వచ్చి ఇంటికి చేరిన మనిషికైనా, నోటి క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టించుకుని వచ్చిన మనిషికైనా, పార్కిన్సన్స్ ముదిరిన పెద్దవాళ్ళకైనా విశాఖ ఇళ్ళలో మొదట మొదలయ్యేది చోడి (రాగి) జావే. గొంతు దిగుతోంది, దగ్గు రావట్లేదు, గ్లాసు ఖాళీ అవుతోంది కాబట్టి ఇంట్లోవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది. రెండు నెలలు తిరిగేసరికి చొక్కా భుజాల మీంచి జారుతుంది, కణతలు లోపలికి పోతాయి. "జబ్బు మనిషిని తినేస్తోంది" అనుకుంటారు. చాలా ఇళ్ళలో అసలు కారణం గ్లాసులోనే ఉంటుంది.

లెక్క చూడండి. 200 మి.లీ. నీళ్ళలో 20 గ్రాముల చోడిపిండి కాచిన జావలో ఉండేది 65 కేలరీలు, ఒకటిన్నర గ్రాము మాంసకృత్తులు. రోజుకి ఆరు గ్లాసులు తాగినా 400 కేలరీలు దాటవు, మాంసకృత్తులు 9 గ్రాముల దగ్గరే ఆగిపోతాయి. 50 కిలోల మనిషికి కావలసింది సుమారు 1500 కేలరీలు, 60 గ్రాములకి తక్కువ కాకుండా మాంసకృత్తులు. కిలో బరువుకి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అన్నది జబ్బుపడిన పెద్దవాళ్ళకి మామూలుగా వేసే లెక్క. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం మాంసకృత్తుల మోతాదు డాక్టరు చెప్పాలి, ఇంట్లో తేల్చుకోకూడదు.

చోళ్ళది తప్పు కాదు, వాటిలో పోసే నీళ్ళది. మింగలేని మనిషికి పెట్టే ప్రతిదాన్నీ పలచన చేస్తాం, పలచన చేసిన ప్రతిసారీ బలం సగమవుతుంది. ఆ మనిషి ఒక పూట 200 మి.లీ. కంటే ఎక్కువ తీసుకోలేడు, అలసిపోతాడు. కాబట్టి పోసేది పెంచడం కాదు, పోసినదాంట్లో ఉన్నది పెంచాలి. ఇక్కడ చెప్పబోయే కొలతలన్నీ ఆ ఒక్క పని కోసమే.

కండ పోతే గొంతు కూడా పోతుంది

తక్కువ తిన్నప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనీ కరిగించుకుంటుంది. మంచం మీద ఉన్న మనిషిలో ఇది ఇంకా వేగంగా జరుగుతుంది. నాలుకా కండే, గొంతును పైకి లాగేవీ కండరాలే. కాళ్ళు సన్నబడ్డట్టే అవీ సన్నబడతాయి. నాలుక ముద్దను వెనక్కి నెట్టలేదు, గొంతులో కొంత మిగిలిపోతుంది, అది ఊపిరితిత్తుల దారి పడుతుంది. అందుకే పక్షవాతం తగ్గుముఖం పట్టినా కొందరికి మింగుడు బాగుపడదు. అలాంటప్పుడు జబ్బుతో పాటు తిండి చాలకపోవడాన్ని కూడా అనుమానించాలి.

దీని మీద భయం ఒకటి తోడవుతుంది. ఒకసారి గట్టిగా పొలమారితే ఆ మనిషి తర్వాతి పూట నోరు తెరవడు, "ఆకలి లేదు" అంటాడు. ఆ మాటను అలాగే తీసుకోకండి. ముందు ఏం పెట్టినప్పుడు పొలమారిందో కనుక్కోండి.

కొలవకుండా ఏమీ తెలియదు

వారానికి ఒకసారి, పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, ఒకే రకం బట్టలతో, ఒకే తూకం మీద బరువు చూడండి. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తే చాలు. నిలబడలేని మనిషిని మరొకరు ఎత్తుకుని తూకం ఎక్కడం ప్రమాదం, ఇద్దరూ పడతారు. బియ్యం కొట్టులో బస్తాలు తూచే పళ్ళెం కాటా మీదికి చక్రాల కుర్చీతో సహా ఎక్కించి తూచి, కుర్చీ బరువు తీసేయండి.

తగ్గిన కిలోల కంటే శాతం ముఖ్యం. 58 కిలోల మనిషి మూడు నెలల్లో 53కి వచ్చాడంటే తగ్గిన 5ని 58తో భాగించి 100తో హెచ్చించాలి, అంటే 8.6 శాతం. మూడు నుంచి ఆరు నెలల్లో 5 శాతం దాటితే డాక్టరుకి చెప్పాల్సిన సంగతి. 10 దాటితే అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు.

తూకం ఒక్కోసారి అబద్ధం చెబుతుంది. రెండు రోజుల్లో కిలో పెరిగితే అది కండ కాదు, నీరు. పాదాలు ఉబ్బాయేమో నొక్కి చూడండి. రక్తంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు తగ్గినా, గుండె బలహీనపడినా కాళ్ళకి నీరు పట్టి కండ పోవడం కనపడదు. అందుకని బరువుతో పాటు టేపు కూడా వాడాలి. కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు మడిచి, పిక్క లావుగా ఉన్న చోట చుట్టుకొలత తీయండి. ఆసియా వాళ్ళకి వేసిన హద్దు ప్రకారం మగవాళ్ళలో 34 సెం.మీ., ఆడవాళ్ళలో 33 సెం.మీ. కంటే తక్కువైతే కండ తగ్గిందని అనుమానించాలి. టేపు లేకపోతే రెండు చేతుల బొటనవేళ్ళు, చూపుడువేళ్ళు కలిపి పిక్క చుట్టూ ఉంగరంలా పెట్టండి. వేళ్ళు కలిసి ఇంకా సందు మిగిలితే మంచి గుర్తు కాదు. కాళ్ళు ఉబ్బిన మనిషికి ఈ రెండూ పనికిరావు. భుజానికీ మోచేతికీ నడుమ జబ్బ కొలవండి, 23.5 సెం.మీ. కంటే తక్కువైతే ఒంటి బరువు చాలనట్టే లెక్క.

కుర్చీలోంచి లేవగల మనిషైతే చేతులు గుండెకి కట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోమనండి. 12 సెకన్లు, అంతకు పైన పడితే కాళ్ళలో బలం తగ్గినట్టే. బొటనవేలు, చూపుడువేలు దగ్గరపెట్టినప్పుడు చేతి వెనకవైపు వాటి మధ్య ఉబ్బుగా కనిపించే చిన్న కండ ఉంటుంది. అది గుంటలా పోయిందంటే తూకం చెప్పకముందే అది చెబుతోందన్నమాట.

ఎంత చిక్కగా ఉండాలి

ఈ సంగతి మాటతో పాటు మింగుడు కూడా చూసే స్పీచ్ థెరపిస్ట్ చూసి చెప్పాలి. పలచటి ద్రవాలు పొలమారే మనిషికి గట్టివి బాగానే దిగొచ్చు, అన్నవాహిక సన్నబడిన మనిషికి నీళ్ళు దిగి ముద్ద ఆగొచ్చు. రెండింటికీ వంట పూర్తిగా వేరు. చిక్కదనానికి ఐడీడీఎస్ఐ అని అంతర్జాతీయ కొలమానం ఉంది, సున్నా నుంచి ఏడు వరకు స్థాయిలు. థెరపిస్ట్ "రెండో స్థాయి ద్రవం, నాలుగో స్థాయి ముద్ద" అని రాసిస్తే ఇంట్లో ఇలా సరిచూసుకోవచ్చు.

మందుల షాపులో 10 మి.లీ. సిరంజి కొనండి, సూది అక్కర్లేదు. మూతి మర లేకుండా నున్నగా ఉండాలి. సున్నా గీత నుంచి 10 గీత వరకు స్కేలుతో కొలిస్తే 61.5 మి.మీ. రావాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. లోపలి కడ్డీ తీసేసి, మూతిని వేలితో మూసి, ద్రవం 10 గీత దాకా పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లకి మళ్ళీ మూయండి. ఒక మి.లీ. లోపు మిగిలితే అది మామూలు నీళ్ళ పలచన. 1 నుంచి 4 మిగిలితే ఒకటో స్థాయి, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు. చుక్క కూడా దిగకపోతే నాలుగు. తాగించే వేడి మీదే పరీక్షించాలి. వేడిగా ఉన్నప్పుడు రెండులా కనిపించిన జావ చల్లారాక నాలుగై కూర్చుంటుంది.

మెత్తటి ముద్దకి చెంచా చాలు. చెంచా నిండా తీసి పక్కకి వంచండి. ముద్ద చెదరకుండా జారి, చెంచా మీద పలచటి పొర మాత్రమే మిగలాలి. అంటుకుని ఊడకపోతే అది గొంతులోనూ అలాగే అంటుకుంటుంది. మెత్తగా మరిగిన అన్నాన్ని మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే గంజిపిండిలా జిగురు వచ్చి ఈ పరీక్షలో తప్పుతుంది. ఆపి ఆపి కొద్దికొద్దిగా తిప్పండి, నెయ్యి ముందే వేయండి.

షాపుల్లో దొరికే చిక్కబరిచే పొడుల్లో జాంథాన్ గమ్‌తో చేసినవి మేలు. పాలలో అవి ఆలస్యంగా గట్టిపడతాయి. ఇంకా పలచగానే ఉందని మరో చెంచా వేస్తే పది నిమిషాలకి ముద్ద అయిపోతుంది, కాబట్టి కలిపి ఆగి చూడండి. కార్న్‌ఫ్లోర్ లాంటి పిండితో చిక్కబరిచిన ద్రవానికి వేరే చిక్కు ఉంది. ఎంగిలి చెంచా మళ్ళీ గిన్నెలో ముంచితే లాలాజలం ఆ పిండిని కరిగించి పది నిమిషాల్లో పలచన చేసేస్తుంది. చివరి నాలుగు చెంచాలకే పొలమారుతోందంటే ఇదే కారణం కావచ్చు. అలాంటి ద్రవాన్ని రెండు చిన్న గిన్నెల్లోకి విడిగా తీసుకుని పెట్టండి. విరేచనానికి ఇచ్చే మాక్రోగాల్ పొడి కూడా పిండి రకం చిక్కదనాన్ని నీళ్ళలా మార్చేస్తుంది. ఇక ఇసబ్‌గోల్ ఈ మనుషుల దగ్గరికి రాకూడదు, చాలినన్ని నీళ్ళు లేకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డం పడుతుంది.

గ్లాసు అదే, బలం ఆరింతలు

200 మి.లీ. వెన్న తీయని పాలు తీసుకోండి, ప్యాకెట్ పాలైతే ఫుల్ క్రీమ్. అందులో 25 గ్రాముల చోడిపిండి చల్లగా ఉన్నప్పుడే ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద ఏడెనిమిది నిమిషాలు కాచండి. దించాక రెండు టేబుల్ స్పూన్ల వెన్న తీసిన పాలపొడిని, అంటే 15 గ్రాములు, కాసిని పాలలో విడిగా కలిపి పోయండి. నేరుగా వేస్తే గడ్డకడుతుంది, ఆ గడ్డ గొంతులో తగులుతుంది. రెండు టీస్పూన్ల అనకాపల్లి బెల్లం, కరిగించి వడకట్టినది. ఒక టీస్పూను నెయ్యి. మొత్తం 390 కేలరీలు, 13 గ్రాముల పైన మాంసకృత్తులు. మొదట చెప్పిన నీళ్ళ జావకి ఇది ఆరింతలు. షుగర్ ఉంటే బెల్లం మానేసి ఇంకో టీస్పూను నెయ్యి వేయండి. షుగర్ భయంతో చిక్కిపోతున్న మనిషికి కేలరీలే కోసేయడం తప్పు. మందు సరిచేయడం డాక్టరు చూసుకుంటారు.

ఇది మరీ గట్టిపడితే నీళ్ళు పోయాలని చేయి లేస్తుంది. దానికి బదులు మొలకెత్తిన చోళ్ళ పిండి ఒక టీస్పూను వేయండి. మొలకల్లో పిండిపదార్థాన్ని విరిచే ఎంజైము ఉంటుంది. జావ దించి కాస్త వేడి తగ్గాక, ఇంకా వేలు పెట్టలేనంత వేడిలో ఉండగానే కలిపితే ఐదు నిమిషాల్లో చిక్కదనం పడిపోతుంది, కేలరీలు ఎక్కడికీ పోవు. కావలసినంత పలచబడగానే మళ్ళీ ఒక్క పొంగు రానివ్వాలి. అప్పుడే ఎంజైము ఆగుతుంది, లేకపోతే గ్లాసులో ఉండగానే ఇంకా పలచనవుతూ పోయి పొలమారుతుంది. ఈ పిండికి చోళ్ళు పన్నెండు గంటలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి ఒకటి రెండు రోజులు మొలకెత్తించి, గట్టి ఎండలో పూర్తిగా ఎండబెట్టాలి. సముద్రపు తేమలో నీడన ఆరబెడితే బూజు పడుతుంది. వేయించడం పేరుకే, మాడిస్తే గుణం పోతుంది. బజారు రాగిమాల్ట్ పొడుల్లో ఎంతవరకు వేయించారో తెలియదు, కొన్నింట్లో సగం పంచదారే.

మధ్యాహ్నానికి 40 గ్రాముల బియ్యం, 30 గ్రాముల కందిపప్పు కలిపి మూడున్నర రెట్ల నీళ్ళతో మెత్తగా ఉడికించండి. ఉడికించిన గుడ్డు ఒకటి, నెయ్యి మూడు టీస్పూన్లు, ఉప్పు, చిటికెడు పసుపు వేసి మిక్సీ పట్టి జల్లెడలో రుద్దండి. తాలింపు కావాలంటే ఆవాలు, కరివేపాకు వేగాక వడకట్టి ఆ నెయ్యి మాత్రమే పోయండి, వాసన అంతా దాంట్లోనే ఉంటుంది. ఇది 440 కేలరీలు, 15 గ్రాముల మాంసకృత్తులు. రుచి పక్కన పెట్టేయకండి. నెలల తరబడి చప్పిడి ముద్ద పెడితే ఎవరికైనా తినాలనిపించదు. ఆవకాయ పిండిలో ముక్క, నార తీసేసి, గుజ్జు మాత్రం అరచెంచా కలిపితే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయి. కరెంటు పెట్టించుకుని నోరు పూసినవాళ్ళకి మాత్రం కారం, పులుపు, ఉప్పు మండుతాయి, వాళ్ళకి వద్దు.

పదింటికి 150 గ్రాముల గడ్డపెరుగులో మాగిన అరటిపండు, 15 గ్రాముల పాలపొడి వేసి మిక్సీ పడితే 230 కేలరీలు, 11 గ్రాములు. సాయంత్రానికి 150 మి.లీ. పాలు, ఒక గుడ్డు, రెండు టీస్పూన్ల పంచదార గిలక్కొట్టి, వడకట్టి, ఇడ్లీపాత్రలో గిన్నె పెట్టి ఆవిరి మీద గట్టిపడేదాకా ఉడికిస్తే వచ్చే కస్టర్డ్ 240 కేలరీలు, 11 గ్రాములు. మింగలేని మనిషికి దీనంత తేలిగ్గా జారే వంటకం మన వంటింట్లో ఇంకోటి లేదు. గుడ్డు పచ్చిగా మాత్రం ఎక్కడా వాడొద్దు.

రాత్రికి చేప. విశాఖలో ఉన్న సౌకర్యం ఇది, వాడుకోండి. కోనాం (వంజరం) ముక్కలో నడిమి ముల్లు పెద్దది, తీయడం తేలిక. 75 గ్రాముల ముక్కని ఆవిరికి ఉడికించి, ముల్లు, తోలు తీసి, కండను వేళ్ళ మధ్య నలుపుతూ రేకురేకుగా తడిమి చూశాకే మిక్సీలో వేయాలి. కంటికి కనపడని ముల్లు వేలికి తెలుస్తుంది. 40 గ్రాముల బియ్యం అన్నం, రెండు టీస్పూన్ల నెయ్యి, ముల్లు లేకుండా వడకట్టిన పులుసు చేర్చి తిప్పితే 300 కేలరీలు, 17 గ్రాములు. కవ్వలు, నెత్తళ్ళు ఎంత చవకైనా వద్దు. సొరపుట్టు (సొరచేప పొడికూర) ముల్లు లేనిదే కానీ పొడిపొడిగా గొంతంతా చెదురుతుంది, పెరుగుతో కలిపి మెత్తగా తిప్పితే తప్ప పెట్టకూడదు.

ఈ ఐదు పూటలూ కలిపితే 1600 కేలరీలు, 67 గ్రాముల మాంసకృత్తులు. అన్నీ ఒకే రోజు మొదలెట్టకండి. ఒక పూట మార్చి, రెండు రోజులు చూసి, ఇంకో పూట మార్చండి. నెయ్యి, పాలపొడి ఒక్కసారే పెంచితే విరేచనాలు పట్టుకుంటాయి, నేరం మంచి తిండి మీదికి పోతుంది. బరువు వారానికి పావుకిలో నుంచి అరకిలో పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు.

మిక్సీ పట్టిన తిండి తొందరగా పాడవుతుంది. బయట రెండు గంటలు, మే నెల ఉక్కపోతలో గంట, అంతే. ఫ్రిజ్‌లో పెట్టినది మర్నాటికల్లా అయిపోవాలి, ఒక్కసారే వేడిచేయాలి.

పొలమారించేవి

ద్రవం, గట్టిది ఒకే ముద్దలో ఉంటే అదే అన్నింటికంటే ప్రమాదం. చారన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, పాలలో అటుకులు, మజ్జిగన్నం ఈ కోవలోవే. నోరు మెతుకులతో తంటాలు పడుతుండగానే చారు గొంతులోకి జారిపోతుంది. సబ్జా గింజల నీళ్ళూ అంతే. మాడుగుల హల్వా, పాలకోవా అంగిట్లో అతుక్కుంటాయి. పొడి ఉప్మా, పుట్నాల పొడి, మురుకులు, వేరుశనగ పలుకులు, ములక్కాడ గురించి చెప్పనక్కర్లేదు. ఐస్‌క్రీమ్, జెల్లీ మెత్తనివే అనుకుంటారు కానీ నోట్లో కరిగి నీళ్ళవుతాయి. పలచటివి పడని మనిషికి అవి నీళ్ళ కిందే లెక్క.

తినిపించే తీరు

ఉగ్గుగిన్నె వాడొద్దు. చంటిపిల్లలకి పోసిన అలవాటుతో పెద్దవాళ్ళకీ దాంతో పోస్తుంటారు. దాని ముక్కు ద్రవాన్ని నేరుగా నాలుక వెనక్కి జారుస్తుంది, మింగడానికి సిద్ధంకాకముందే గొంతులో ఉంటుంది. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి తాగడం మన ఇళ్ళలో మర్యాద. మింగుడు దెబ్బతిన్న మనిషి ఆ మర్యాద మానేయాలి, ఎందుకంటే తల వెనక్కి వాల్చగానే ఊపిరిదారి తెరుచుకుంటుంది. అంచు వెడల్పైన గ్లాసు తీసుకోండి, లేదా ప్లాస్టిక్ గ్లాసులో ముక్కు వైపు అర్ధచంద్రంలా కోసి అంచు నున్నగా చేయండి, తల ఎత్తకుండానే అడుగు దాకా తాగొచ్చు.

మంచం మీద దిండ్లు పేర్చి వాలుగా కూర్చోబెడితే నడుము కిందికి జారి మెడ ముందుకి మడతపడుతుంది. కుర్చీలో, పాదాలు నేలకి లేదా పీటకి ఆని, నడుము నిటారుగా కూర్చోబెట్టండి. తినిపించేవాళ్ళు కూడా కూర్చోవాలి. నిలబడి పెడితే మనిషి తల ఎత్తి చూస్తాడు. టీస్పూను, అది కూడా ముప్పాతిక నిండితే చాలు. గొంతుముడి పైకి లేచి దిగడం చూశాకే రెండో చెంచా. పక్షవాతం ఉన్నవైపు బుగ్గలో ముద్ద నిలిచిపోతుంది, టార్చి వేసి చూసి వేలికి గుడ్డ చుట్టి తీయండి. గడ్డం దించి మింగమని అందరికీ చెప్పేస్తుంటారు. అది కొందరికే మేలు, కొందరికి కీడు, పరీక్షలో తేలాకే చేయించాలి.

అరగంట దాటితే ఆ పూటకి ఆపేయండి. అలసిన గొంతు పొలమారుతుంది, మిగిలింది రెండు గంటలాగి ఇచ్చుకోవచ్చు. తిన్నాక అరగంట కూర్చోబెట్టే ఉంచండి. రెండు పూటలా పళ్ళు, నాలుక, కట్టుడుపళ్ళు శుభ్రంచేయండి. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోయే లాలాజలంలో క్రిములు తగ్గితే నిమోనియా కూడా తగ్గుతుంది.

దగ్గు రాలేదంటే సరిగ్గా మింగినట్టు కాదు. గొంతు స్పర్శ పోయినవాళ్ళకి దగ్గే రాకుండా లోపలికి పోతుంది. తిన్నాక మాట తడితడిగా, గరగరలాడుతూ రావడం, సాయంత్రాలు సన్నజ్వరం, ఊపిరి వేగం పెరగడం, ఇవి కనపడితే తిండి ఆపి డాక్టరుకి చూపించండి.

నీళ్ళు

చిక్కబరిచిన నీళ్ళంటే ఎవరికీ ఇష్టం ఉండదు, అందుకే తాగరు. అన్ని పానీయాలూ కలిపి ఆడవాళ్ళకి 1.6 లీటర్లు, మగవాళ్ళకి 2 లీటర్లు కావాలి, విశాఖ ఉక్కపోతలో ఇంకాస్త ఎక్కువ. గుండె, కిడ్నీ జబ్బుకి నీళ్ళు కట్టడి చేసినవాళ్ళు ఆ కట్టడే పాటించాలి. కొబ్బరినీళ్ళు, మజ్జిగ, నిమ్మరసం అన్నీ చిక్కబరిచి ఇవ్వొచ్చు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే, మనిషి మగతగా ఉంటే నీరు చాలట్లేదు. నీరు చాలని మనిషికి నోరు ఎండి మింగుడు ఇంకా కష్టమవుతుంది.

కండకి పని చెప్పాలి

తిండి ఒక్కటే పెంచి మనిషిని మంచానికే వదిలేస్తే పెరిగేది ఎక్కువగా కొవ్వే. లేవగలిగితే కుర్చీ పట్టుకుని ఐదుసార్లు లేచి కూర్చోవడం, రోజుకి మూడు విడతలు, వారానికో రెండు పెంచుతూ. లేవలేకపోతే కూర్చుని మోకాలు చాపి ఐదు అంకెలు నిలపడం, అరలీటరు నీళ్ళ సీసాతో మోచేయి మడవడం. తిండికి ముందు మాత్రం చేయించొద్దు, మింగడానికి దాచుకోవాల్సిన ఓపిక అయిపోతుంది. నాలుకతో అంగిలిని గట్టిగా నొక్కడం, గడ్డం కింద చుట్టిన తువ్వాలు పెట్టి అదమడం లాంటివి థెరపిస్ట్ చూపించాకే మొదలెట్టండి. మోటార్ న్యూరాన్ జబ్బు, మయస్తీనియా (కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) ఉన్నవాళ్ళని అలసిపోయేలా చేయిస్తే నష్టమే.

చాన్నాళ్ళు తినని మనిషికి ఒక హెచ్చరిక

ఐదు రోజుల పైన దాదాపు ఏమీ తినని మనిషికి పైన చెప్పిన తిండి ఒక్కసారిగా పెట్టకూడదు. ఆకలికి అలవాటుపడిన ఒంట్లోకి పిండిపదార్థం చేరగానే రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియంలను కణాలు లోపలికి లాగేసుకుంటాయి. గుండె లయ తప్పొచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. మొదటి రెండు రోజులు లెక్కలో సగానికి మించొద్దు. పది రోజులు దాటినా, బరువు 15 శాతం పైన తగ్గినా ఇంట్లో ప్రయత్నించనేవద్దు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తూ, ముందు థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి, మెల్లగా పెంచాలి. మద్యం అలవాటున్నవాళ్ళకి ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

గొట్టం

ఇంత చేసినా అవసరంలో సగం కూడా నోటిగుండా పోకపోతే ముక్కుగొట్టం వేయించడానికి వెనకాడకండి. "గొట్టం వేశారంటే ఇక అయిపోయినట్టే" అన్న మాట విని రెండు నెలలు వాయిదా వేసి, కండంతా పోయాక తెచ్చేవాళ్ళు ఉన్నారు. నాలుగు వారాలకి మించి అవసరమనిపిస్తే పొట్టలోకి నేరుగా వేసే పెగ్ గొట్టం గురించి అడగండి. గొంతుకి కరెంటు పెట్టించుకునేవాళ్ళు గొట్టం ఉన్నా, థెరపిస్ట్ సరేనన్నంత మేర రోజూ కొంత మింగుతూనే ఉండాలి. వాడని గొంతు బిగుసుకుపోతుంది.

గొట్టంలో కూడా నీళ్ళ జావ పోస్తే బరువు అలాగే పడిపోతుంది. మి.లీ.కి ఒక కేలరీ ఉండేలా చూసుకోండి, పాల జావ, పప్పు ముద్ద రెండుసార్లు వడకడితే సరిపోతుంది. తల 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ముక్కు దగ్గర వేసిన గుర్తు జరగలేదని చూసి, ముందు 30 మి.లీ. నీళ్ళు, తర్వాత 200 మి.లీ. ఆహారం 15 నిమిషాలకి తక్కువ కాకుండా, మళ్ళీ 30 మి.లీ. నీళ్ళు. గుర్తు జరిగితే పోయకండి. పాలు పోసిన వెంటనే నిమ్మరసం పోస్తే లోపల విరిగి గొట్టం మూసుకుపోతుంది. మాత్రలు నూరే ముందు ఫార్మసిస్టుని అడగండి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను నూరితే రోజంతటి మందు ఒక్కసారే పడుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి

మొదటి మెట్టు ఈఎన్‌టీ లేదా న్యూరాలజీ. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో రెండూ ఉన్నాయి. నోరు, గొంతు క్యాన్సర్లకి అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరం వెంట చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళకి మింగుడు పడట్లేదంటే ముందు అంగిలి చూపించండి. అక్కడ తెల్లటి మచ్చ, మానని పుండు ఉంటే తిండి మార్చి చూద్దామని వారాలు గడపొద్దు.

వెళ్ళినప్పుడు మింగుడు పరీక్ష, అంటే బేరియంతో ఎక్స్‌రే వీడియోనో ముక్కులోంచి కెమెరానో అవసరమా అని అడగండి. బరువులు రాసిన క్యాలెండర్ కాగితం, మూడు రోజులు ఏం తిన్నారో మి.లీ.ల్లో రాసిన చిట్టా, వాడుతున్న మందులన్నీ తీసుకెళ్ళండి. తినేటప్పుడు ఫోనులో తీసిన రెండు నిమిషాల వీడియో కూడా ఉంటే మంచిది. గదిలో డాక్టరు ముందు చాలామంది ఒక చెంచా బాగానే మింగి చూపిస్తారు, ఇంటి దగ్గర పదిహేనో చెంచాకి ఏమవుతుందో ఆ వీడియోలోనే కనపడుతుంది.